మూడో పిన్ను కథ

మాడ్యులర్ కిచెన్ చేయించుకునేవాళ్లు ఈ మధ్య చాలామంది అల్మరాలో ఇమిడిపోయే కరెంటు ఓవెన్ కూడా పెట్టించుకుంటున్నారు. తలుపుల రంగు గురించి, గట్టు మీద రాయి గురించి నెలల తరబడి ఆలోచిస్తాం. ఓవెన్ వెనక వైరు సంగతి మాత్రం "కరెంటాయన చూసుకుంటాడులే" అని వదిలేస్తాం. మా ఇంటికి వచ్చినాయన ఫ్రిజ్ ప్లగ్గులోంచే కనెక్షన్ లాగేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ ధైర్యం నాకు ఒకావిడ జీవితం చదివాక వచ్చింది.

ఆవిడ పేరు కరోలిన్ హాస్లెట్. 1895లో ఇంగ్లండులో పుట్టింది. బాయిలర్లు తయారుచేసే కంపెనీలో గుమాస్తాగా చేరి, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడే ఇంజనీరింగ్ పని నేర్చుకుంది. 1919లో మహిళా ఇంజనీర్ల సంఘానికి కార్యదర్శి అయింది.

కరెంటు మీద వంట అప్పటికే కొత్త కాదు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలోనే కరెంటు వంటగది చూపించారు. 1906లో ఆల్బర్ట్ మార్ష్ నిక్రోమ్ తీగకు పేటెంట్ పొందాడు. ఎర్రగా కాలినా తొందరగా పాడవని తీగ అది. మన ఇస్త్రీపెట్టెలోనూ టోస్టరులోనూ ఉండేది దాని సంతానమే. అంటే పొయ్యి సిద్ధంగానే ఉంది. సిద్ధంగా లేనిది ఇల్లు. దీపాల కోసం లాగిన సన్నటి తీగలకు వంట బరువు తగిలించారు. ఇంట్లో ఆ పరికరాలన్నీ వాడవలసింది ఆడవాళ్లు, వాళ్లకేమో ఎవరూ ఏమీ చెప్పలేదు.

మేబెల్ మాథ్యూస్ అనే ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది. గృహిణులకు కరెంటు గురించి నేర్పే సంఘం ఒకటి పెట్టాలని. ఇంజనీర్ల పెద్ద సంస్థల ముందుకు తీసుకెళ్తే కాదుపొమ్మన్నారు. హాస్లెట్ మాత్రం ఆ కాగితం పట్టుకుంది. అలా 1924లో మహిళల విద్యుత్ సంఘం పుట్టింది. వాళ్లు పత్రిక నడిపారు, పాఠాలు చెప్పారు, 1935లో బ్రిస్టల్లో అన్నీ కరెంటు మీదే నడిచే ఇల్లు కట్టి చూపించారు.

నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం 1942లోది. యుద్ధం అయ్యాక కట్టబోయే ఇళ్లలో వైరింగ్ ఎలా ఉండాలో తేల్చడానికి 20 మందితో ఒక కమిటీ వేశారు. అందులో ఆడది హాస్లెట్ ఒక్కతే. 1944లో వచ్చిన వాళ్ల నివేదికలో, చిన్నపిల్లల వేళ్లకి అందకుండా సాకెట్ కంతలకి రెప్పలు ఉండాలన్నారు. ఆ దారిలోనే 1947లో బ్రిటన్ పలక పిన్నుల ప్లగ్గు వచ్చింది. పొడవాటి మూడో పిన్ను ముందు వెళ్లి తలుపు తీస్తే తప్ప మిగతా రెండూ లోపలికి పోవు. పిల్లల తల్లులకు ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పాలా!

అదే ఏడు మనకు స్వాతంత్ర్యం వచ్చింది. వాళ్లు కొత్త ప్లగ్గుకి మారిపోయారు, మనం మాత్రం అంతకుముందు, 1934లో, వాళ్లు ఖాయం చేసుకున్న గుండ్రటి పిన్నులనే ఉంచుకున్నాం. 5 ఆంపులది చిన్నది, 15 ఆంపులది పెద్దది. ఇప్పుడు వాటినే 6, 16 అంటున్నాం. వీటిలోనూ మూడో పిన్ను మిగతావాటికన్నా పొడుగు, లావు. ముందు అదే తగలాలి, తీసేటప్పుడు చివర అదే వదలాలి. ఎర్త్ పిన్ను అంటే అదే. మన భాషలో భూమి, నేల, పుడమి అని ఎన్ని పేర్లున్నా కరెంటు దగ్గరికొచ్చేసరికి 'ఎర్త్' ఒక్కటే మిగిలింది.

ఆ పిన్ను లేకపోయినా ఓవెన్ పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే. కేకు పొంగుతుంది, దీపం వెలుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఏదో ఒకరోజు లోపల తీగ ఊడి రేకుకి తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే కరెంటు ఒక్కసారిగా ఆ దారిన పారి ఫ్యూజో ఎంసీబీయో పడిపోతుంది. లేకపోతే ఆ రేకు అలాగే కాచుకుని ఉంటుంది, తడిచేత్తో మనం తలుపు పట్టుకునేదాకా. సొంత ఇళ్లలో గొయ్యి తీసి, పలక పాతి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలం దాంట్లో నీళ్లు పోసేది ఇందుకే. అది చాదస్తం కాదు.

ఎంసీబీ ఉందిగా అంటారు. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్, కరెంటు తీగ పట్టుకున్న మనిషి ఎంత కరెంటు దాకా చెయ్యి వదిలించుకోగలడో లెక్క కట్టాడు. ముందుకొచ్చినవారిలో మగవాళ్లు 134 మంది, ఆడవాళ్లు 28 మంది. మగవాళ్లకి సగటున 16 మిల్లీఆంపులు, ఆడవాళ్లకి పదిన్నర తేలింది. 3000 వాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర సుమారు 13 ఆంపులు తీసుకుంటుంది, అంటే మనల్ని అంటుకుపోయేలా చేసే కరెంటుకి సుమారు వెయ్యి రెట్లు. 16 ఆంపుల దాకా ఊరుకునే ఎంసీబీకి మన ప్రాణం తీసే కరెంటు ఆనదు! అది వైర్లను కాపాడుతుంది. మనల్ని కాపాడేందుకు, వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అని చూసే పరికరాన్ని 1961లో డాల్జీలే తయారుచేశాడు. మన బోర్డుల్లో ఆ పని చేసేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీఆంపులది.

ఇదంతా తెలిశాక కరెంటాయనకి నేను చెప్పినవి ఇవి. ఓవెన్‌కి బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగాలి, దాని ఎంసీబీ దానికే, గీజరుతో, ఫ్రిజ్‌తో పొత్తు వద్దు. కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగు రెట్లవుతుంది కనుక మధ్యలో అతుకులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు అసలే వద్దు. 16 ఆంపుల సాకెట్ ఓవెన్ వెనక కాకుండా పక్క అల్మరాలో, చెయ్యి అందేచోట ఉండాలి. ఎర్త్ ఉందో లేదో టెస్టర్ వెలిగించి కాదు, మీటరుతో కొలిచి చూపించాలి. మీ ఓవెన్ పుస్తకంలో వేరే లెక్క ఉంటే దాన్నే నమ్మండి.

ఇంకొక్కటి. వానాకాలంలో చాలా రోజులు వాడకుండా ఉంచి ఓవెన్ వేస్తే ఒక్కోసారి ఆర్‌సీసీబీ పడిపోతుంది. వేడెక్కే కడ్డీ లోపల నింపే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి చెమ్మ పీల్చుకుంటుంది, దానివల్ల కొంచెం కరెంటు రేకులోకి జారుతుంది. "ఇది ఊరికే పడిపోతోందమ్మా, తీసేసి డైరెక్టుగా ఇచ్చేస్తా" అంటారు. తీయనివ్వకండి. ప్లగ్గు తీసి పక్కనపెట్టి, కడ్డీని పరీక్ష చేయించండి.