పేరైనా పెట్టని బిడ్డ

1812 సెప్టెంబర్ 29న జర్మనీ నైరుతి మూలనున్న బాడెన్ రాజ్యంలో, రాజధాని కార్ల్స్‌రూహెలో, పాలకుడి ఇంట మగబిడ్డ పుట్టాడు. తండ్రి గ్రాండ్ డ్యూక్ కార్ల్‌కి అప్పటికి ఇరవై ఆరేళ్లు. తల్లి స్టెఫానీ నెపోలియన్ దత్తపుత్రిక. వారసుడు పుట్టాడన్న సంబరం తీరకముందే, అక్టోబర్ 16న బిడ్డ చనిపోయాడు. పేరైనా పెట్టలేదు.

1828 మే 26న బవేరియాలోని న్యూరెంబర్గ్ వీధుల్లో సుమారు పదహారేళ్ల కుర్రాడొకడు కనిపించాడు. నడక తడబడుతోంది, మాట సరిగా రాదు. కాగితం ఇస్తే ‘కాస్పర్ హౌజర్’ అని రాశాడు. చీకటి గదిలో రొట్టె, నీళ్ల మీదే పెరిగానని తర్వాత చెప్పాడు. ఆ బిడ్డే ఈ కుర్రాడనీ, ఉయ్యాలలో జబ్బుపడిన మరో పసికందును పెట్టి రాకుమారుణ్ణి ఎత్తుకుపోయారనీ ఒక పుకారు పుట్టి, రెండు శతాబ్దాలు బతికింది. ఆ ముడి ఎలా పడిందో, ఎలా వీడిందో చూద్దాం.

మొదటి ఆధారం: వంశవృక్షం

అనుమానానికి వేరు ఇక్కడుంది. కార్ల్, స్టెఫానీలకు ఐదుగురు పిల్లలు. ముగ్గురు ఆడపిల్లలూ బతికారు, ఇద్దరు మగపిల్లలూ పోయారు. రెండోవాడు అలెగ్జాండర్ 1816 మే 1న పుట్టి, ఏడాది దాటిన వారానికే కన్నుమూశాడు. 1818 డిసెంబర్‌లో కార్ల్ కూడా ముప్పై రెండేళ్లకే పోయాడు. గద్దె చిన్నాన్న లుడ్విగ్‌కి, ఆయన తర్వాత 1830లో లియోపోల్డ్‌కి దక్కింది. ఈ లియోపోల్డ్ కార్ల్ తాతగారి రెండో భార్య, హోహ్‌బెర్గ్ కౌంటెస్ కొడుకు. ఆమె హోదా తక్కువ కాబట్టి ఆమె పిల్లలకు వారసత్వం లేదన్నది పాత కట్టు. చివరికి లాభపడింది ఆమె కొడుకే గనక నేరం కౌంటెస్ మెడకు చుట్టారు.

కానీ 1812లో నిలబడి లెక్క వేయండి. బిడ్డకూ హోహ్‌బెర్గ్ శాఖకూ మధ్య ముగ్గురు మగవాళ్లున్నారు: ఇరవై ఆరేళ్ల వయసులో ఇంకా పిల్లల్ని కనగల కార్ల్, ఆయన చిన్నాన్నలు ఫ్రెడరిక్, లుడ్విగ్. ఒక్క పసివాణ్ణి మాయం చేస్తే గద్దె చేతికి రాదు. పైగా ఆ శాఖ హక్కును 1817లో వంశ శాసనంతో ఖాయం చేసింది ఎవరో కాదు, బిడ్డ తండ్రి కార్లే. వారసులు లేరన్న సాకుతో బవేరియా బాడెన్ భూభాగాల మీద కన్నేయకుండా ఆయన వేసిన కట్టడి అది.

రెండో ఆధారం: ఉత్తరాలు

కుర్రాడి చేతిలో రెండు ఉత్తరాలున్నాయి. ఒకటి పెంచినవాడు రాసినట్టుంది: బిడ్డను 1812 అక్టోబర్ 7న తనకు అప్పగించారట. రెండోది తల్లి రాసినట్టుంది: ఏప్రిల్ 30న పుట్టాడట. అక్టోబర్ 7 అంటే రాకుమారుడు పోవడానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. నమ్మేవాళ్లను పట్టి లాగింది ఆ తేదీయే. అయితే పదహారేళ్ల ఎడంతో ఇద్దరు రాయాల్సిన ఈ రెండూ ఒకే చేతిరాత అని పరిశీలించినవాళ్లు తేల్చారు. అలాంటప్పుడు 1812 నాటి సాక్ష్యమని దాన్ని ఎలా నమ్మడం?

మూడో ఆధారం: చేతుల మీది మచ్చలు

హౌజర్ రెండు చేతుల మీదా మశూచి టీకా మచ్చలున్నాయి. టీకా వేయించారంటే పెద్దింటి బిడ్డేనని కొందరి వాదన. కానీ బవేరియాలో 1807 నుంచే మశూచి టీకా తప్పనిసరి. ఆ మచ్చ కూలివాడి బిడ్డకైనా ఉంటుంది.

మరి పుకారుకు అంత బలం ఎక్కడిది? బవేరియా శిక్షాస్మృతి రాసిన న్యాయకోవిదుడు ఫాయర్‌బాఖ్ దాన్ని నమ్మాడు. 1832లో కార్ల్ సోదరి, బవేరియా మాజీ రాణి కరోలినాకు రహస్యంగా ఒక నివేదిక పంపాడు. మరుసటి ఏడు మేలో ఆయన పోయాడు. అదే ఏడు డిసెంబర్ 14న అన్స్‌బాఖ్ ఉద్యానంలో హౌజర్ ఛాతీలో కత్తి దిగింది, మూడు రోజులకు చనిపోయాడు. ఆ రెండు చావులతో అనుమానం కాస్తా నమ్మకమైపోయింది.

నాలుగో ఆధారం: పురిటిగది

స్టెఫానీ మంచాన పడి ఉండటంతో చనిపోయిన బిడ్డను ఆమెకు చూపించలేదు. పుకారుకు ఇదే పెద్ద ఊతం. కానీ తండ్రి చూశాడు, నానమ్మ అమాలియా చూసింది, వైద్యులూ దాదులూ చూశారు. ప్రాణాపాయంలో హడావిడిగా ఇచ్చిన బాప్తిస్మం, శవపరీక్ష, ఖననం కాగితాలు 1875లో అచ్చయ్యాయి. బిడ్డ పుట్టుక, జబ్బు, మరణం గురించి నానమ్మ రాసిన ఉత్తరాలు 1951లో బయటికొచ్చాయి. ఇంతమంది కళ్లుగప్పి బిడ్డను మార్చడం సాధ్యమా?

ఐదో ఆధారం: తల్లి వైపు రక్తం

మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది, కూతుళ్ల ద్వారానే తరాలు దాటుతుంది. 1996లో హౌజర్ దుస్తుల మీది నెత్తుటి మరకను స్టెఫానీ కూతుళ్ల వరసలోని వారసులతో పోల్చారు. కలవలేదు. 2002లో వెంట్రుకల పరీక్ష దగ్గరి పోలిక చూపడంతో సందేహం మళ్లీ లేచింది. 2024లో ఇన్స్‌బ్రక్‌కు చెందిన వాల్టర్ పార్సన్ బృందం మరింత సునిశితమైన పద్ధతితో వెంట్రుకలను పరీక్షించింది. హౌజర్‌ది డబ్ల్యూ వర్గం, బాడెన్ వారసులది హెచ్ వర్గం. నెత్తుటి మరక ఫలితంతోనూ ఇది సరిపోయింది. హౌజర్ స్టెఫానీ బిడ్డ కాడు.

హౌజర్ ఎవరన్నది ఇంకా తేలలేదు. బాడెన్ ఇంటి వరకు మాత్రం ముడి వీడింది. లాభపడినవాళ్లందరూ నేరస్థులు కారు. రుజువు లేకుండా ఒక స్త్రీని ఇన్ని తరాలు నేరస్థురాలిగా నిలబెట్టడం అన్యాయం. మగబిడ్డ లేడని, కూతుళ్లు గద్దెకు పనికిరారని వంశమంతా బెంగపడిన ఆ ఇంట్లో నిజాన్ని రెండు వందల ఏళ్లు మోసుకొచ్చింది మాత్రం ఆ కూతుళ్ల సంతతే.