మూడు రోజుల మూట: సైనిక ఆహారపు పొట్లం చరిత్ర

వంటశాల వెంట రాలేని చోట సైనికుడు తన భుజాన మోసుకుపోయి, పొయ్యి రాజేసే పని లేకుండా తినగలిగేలా ముందే తూచి, కట్టి, గాలి చొరకుండా మూసి ఇచ్చే ఆహారాన్ని పోరాట రేషన్ అంటారు. యుద్ధరంగం కోసం పుట్టిన ఈ పొట్లాలను అమెరికాలో శని, ఆదివారాలు కొండలెక్కేవారూ అడవుల్లో గుడారాలు వేసుకునేవారూ కొని సంచుల్లో వేసుకోవడం కొన్ని దశాబ్దాలుగా మామూలైపోయింది. వాటిలో ఏది మేలన్న ప్రశ్నకు రుచిని బట్టో ధరను బట్టో జవాబు చెప్పడం తేలికే కాని, వాటి చరిత్రను పరిశీలిస్తే ప్రతి పొట్లం వెనుకా అది ఎన్ని రోజులకు, ఎటువంటి నేల మీద, ఎంత శ్రమ చేసే మనిషికి ఉద్దేశించినదన్న లెక్క ఒకటి ఉందనీ, ఆ లెక్కను పక్కన పెట్టినప్పుడల్లా తిన్నవారు ఇబ్బంది పడ్డారనీ తెలుస్తుంది.

పొట్లం పుట్టకముందు సైన్యం తిండి సైన్యం వెనుకే నడిచేది. దక్కను యుద్ధాల్లో ఆ పని చాలావరకు బంజారాలది, అంటే నేడు తెలంగాణ తండాల్లో లంబాడీలుగా పిలుస్తున్నవారి పూర్వికులది. వారు వేలాది పెరికెద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని మొగలు సేనలకూ, తర్వాత నిజాముకూ, ఈస్టిండియా కంపెనీకీ సరఫరా చేసేవారు. 1791-92లో టిప్పు సుల్తాను మీద యుద్ధానికి వెళ్లిన కారన్‌వాలిస్ దండును ఆకలి నుంచి కాపాడినవాటిలో ఈ ఎద్దుల మందలు కూడా ఉన్నాయి. అయితే ఈ ఏర్పాటు దండు మొత్తానికి తిండి పెట్టగలదే తప్ప, దండుకు దూరంగా రెండు మూడు రోజులు తిరగవలసిన చిన్న జట్టుకు పెట్టలేదు. పోరాట రేషన్ తీర్చవలసి వచ్చిన కొరత అదే.

ఆ కొరత తీరడానికి ముందు ఆహారాన్ని చెడకుండా నిలవ ఉంచే విద్య కావలసి వచ్చింది. ఫ్రాన్సులో మిఠాయిలు చేసే నికొలా అపేర్, గాజు సీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, మరిగే నీటిలో చాలాసేపు ఉంచితే అది నెలల తరబడి చెడదని చూపి, 1810లో ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి పొందాడు. ఆహారం ఎందుకు చెడుతుందో, సూక్ష్మజీవుల పాత్ర ఏమిటో పాశ్చర్ వివరించడానికి అప్పటికింకా అర్ధ శతాబ్దం వ్యవధి ఉంది. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు, మరికొద్ది ఏళ్లకే బ్రిటిష్ నౌకాదళానికి డబ్బా మాంసం అందసాగింది. డబ్బాను తెరిచే పరికరం మాత్రం 1850ల దాకా రాలేదు; అప్పటివరకు ఉలి, సుత్తి పట్టుకుని కొట్టవలసి వచ్చేది.

అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) సైనికుడి ప్రధాన ఆధారం హార్డ్‌టాక్, అంటే పిండి, నీళ్లు కలిపి రాయిలా గట్టిపడేదాకా కాల్చిన చదరపు బిస్కట్టు. దాన్ని వేడి కాఫీలో ముంచితే మెత్తబడేది, లోపలి పురుగులు పైకి తేలేవి. వాటిని తీసి పారేసి తినేవారు. 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో సరఫరా చేసిన మాంసం కుళ్లినదన్న ఆరోపణతో పెద్ద దుమారం రేగింది. ఇన్ని అనుభవాలు ఉన్నా, సైనికాహారాన్ని శాస్త్రీయంగా రూపొందించే శాశ్వత ప్రయోగశాల అమెరికా సైన్యానికి షికాగోలో ఏర్పడింది 1930ల మధ్యలోనే.

ఆ ప్రయోగశాల తొలి ఫలితం డి-రేషన్ అనే చాక్లెట్ బిళ్ల. 1937లో కెప్టెన్ పాల్ లోగన్ హెర్షీ కంపెనీ చేత చేయించిన ఈ బిళ్ల బరువు 4 ఔన్సులు, అంటే సుమారు 113 గ్రాములు. అందులో 600 కేలరీల శక్తి ఉండేది, ఎండ వేడికి కరగకుండా ఓట్స్ పిండి కలిపేవారు. అది ఉడికించిన బంగాళాదుంప కంటే కాస్త మాత్రమే రుచిగా ఉండాలన్నది లోగన్ పెట్టిన నియమం. బాగుంటే ఆపద రాకముందే సైనికుడు తినేస్తాడన్నది ఆయన భయం. దాని వెనువెంట వచ్చిన సి-రేషన్‌లో రోజుకు ఆరు డబ్బాలు, మూడింటిలో మాంసపు కూర, మూడింటిలో బిస్కట్లు, కాఫీ పొడి, తీపి పదార్థాలు ఉండేవి. కడుపు నింపే తిండే అయినా ఒక్క రోజు ఆహారమే రెండు కిలోలకు పైగా తూగడంతో, కాలినడకన దూరం పోయేవాడికి అది భారమే అయింది.

తేలికైన పొట్లం కోసం వెతుకుతున్న సైన్యం 1941లో మినెసోటా విశ్వవిద్యాలయపు శరీరధర్మ శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్‌ను సంప్రదించింది. ఆయన అంగట్లో దొరికే బిస్కట్లు, ఎండు సాసేజి, చాక్లెట్, గట్టి మిఠాయి వంటివి ఏరి కూర్చి, కొద్దిమంది సైనికుల మీద పరీక్షించాడు. పారాచూటు దళాల కోసం మొదలైన ఆ ప్రయత్నమే కొన్ని మార్పులతో కె-రేషన్ అయింది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని రాసిన మూడు చిన్న పెట్టెలు ఒక రోజు ఆహారం. లోపల చిన్న డబ్బాలో మాంసమో గుడ్డో జున్నో, బిస్కట్లు, కాఫీ లేదా నిమ్మ పొడి, చక్కెర, చూయింగ్ గమ్, నాలుగు సిగరెట్లు ఉండేవి. లోపలి అట్టపెట్టెకు పూసిన మైనం తేమను ఆపడమే గాక, పెట్టెను అంటిస్తే ఒక కప్పు కాఫీ కాచుకునేంతసేపు మండేది. పొయ్యి, కట్టెలు, ఆహారం ఒకే పెట్టెలో ఇమిడిన ఈ ఏర్పాటులోని తెలివిని తర్వాతి పొట్లాలు చాలాకాలం అందుకోలేకపోయాయి. నిమ్మ పొడి మాత్రం ఎంత పుల్లగా ఉండేదంటే, విటమిన్ సి కోసం కలిపిన దాన్ని చాలామంది పారబోసేవారు, ఫలితంగా ఆ విటమినే వారికి అందేది కాదు.

కె-రేషన్ మూడు పూటలకూ కలిపి ఇచ్చేది 3,000 కేలరీల లోపే. రెండు మూడు రోజులు గడిపి మళ్లీ వంటశాలను చేరుకునే సైనికుడికి అది చాలుతుందన్నది రూపకర్తల అంచనా. బర్మాలో ఆ అంచనా తలకిందులైంది. 1944 ఫిబ్రవరిలో అస్సాంలోని లీడో వైపు నుంచి ఉత్తర బర్మా అడవుల్లోకి నడిచిన సుమారు 3,000 మంది అమెరికన్ సైనికుల దళానికి, మెరిల్స్ మరాడర్స్‌గా పేరుపడ్డవారికి, విమానాలు జారవిడిచిన ఆహారంలో అధికభాగం ఈ కె-రేషనే. కొండలెక్కుతూ దిగుతూ, వాగులు దాటుతూ, మలేరియాతో, విరేచనాలతో తీసుకుంటూ వారు నెలల తరబడి దాన్నే తిన్నారు. విసుగెత్తి కొన్ని పదార్థాలను ముట్టకుండా వదిలేయడంతో అందిన శక్తి మరింత తగ్గింది. మే 17న మిచినా విమాన స్థావరాన్ని పట్టుకునే నాటికి వారిలో చాలామంది చిక్కి శల్యమయ్యారు, ఆగస్టులో ఆ దళాన్నే రద్దు చేశారు. ఆ దుస్థితికి రోగాలూ యుద్ధమూ ముఖ్య కారణాలే అయినా, మూడు రోజుల మూటతో మూడు నెలలు నెట్టుకు రమ్మన్న నిర్ణయాన్ని ఏ సైనికాధికారి లెక్కతోనూ సమర్థించడం కష్టం. తప్పు పొట్లానిది కాదు. కె-రేషన్‌ను సైన్యం 1948లో విరమించుకుంది.

వియత్నాం యుద్ధకాలంలో సామాన్య సైనికుడికి అందినవి సి-రేషన్‌ను పోలిన డబ్బాలే కాగా, శత్రు ప్రాంతంలో రోజుల తరబడి గస్తీ తిరిగే జట్లకు అంత బరువు పనికిరాదని 1960లలో ఘనీభవ శోషణ పద్ధతిలో ఎండబెట్టిన ఆహారాన్ని తయారు చేయించారు. ఈ పద్ధతిలో వండిన ఆహారాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో మంచును నీరు కానీయకుండా నేరుగా ఆవిరి చేస్తారు; మిగిలిన ఎండు పదార్థం దూదిలా తేలికగా ఉండి, వేడినీళ్లు పోస్తే కొద్ది నిమిషాల్లో మళ్లీ కూర అవుతుంది. సైన్యానికి ఈ పొట్లాలు సరఫరా చేసిన ఒరెగాన్ రాష్ట్రపు సంస్థ ఆ దశాబ్దం చివర వాటినే మౌంటెన్ హౌస్ పేరుతో కొండలెక్కేవారికి అమ్మసాగింది. యుద్ధం తర్వాత మిగిలిన డబ్బాలను సైనిక మిగులు సరుకుల దుకాణాల్లో చవకగా కొనుక్కోవడం వేరు, సైనికుడి కోసం పుట్టిన పద్ధతే విహారికి సరుకై రావడం వేరు. ఈ రెండో మార్పుకు మొదలు ఇక్కడే. అయితే ఈ ఎండు ఆహారానికి నీళ్లూ మంటా రెండూ కావాలి. వాగులు ఎండిన వేసవిలోనో, నిప్పు రాజేయరాదని అటవీశాఖ ఆంక్షలు పెట్టిన రోజుల్లోనో దాని తేలికతనం అక్కరకు రాదు.

డబ్బా బరువును వదిలించుకుంటూనే తడి ఆహారాన్ని ఉంచుకోవడానికి దొరికిన మార్గం రిటార్టు సంచి, అంటే ప్లాస్టిక్కు పొరల మధ్య అల్యూమినియం రేకు అతికించి చేసిన, ఆహారంతో నింపి మూసిన తర్వాత ఆవిరి పీడనంలో 120 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు వేడిని తట్టుకునే సంచి. మాసచూసెట్స్‌లోని నేటిక్ సైనిక ప్రయోగశాల పరిశోధనతో రూపొందిన ఈ సంచి ఆధారంగా, తినడానికి సిద్ధమైన భోజనం అన్న అర్థం వచ్చే ఎం.ఆర్.ఇ. 1981లో ఉత్పత్తికి వచ్చింది. 1983లో హవాయిలో ఒక దళానికి 34 రోజుల పాటు అదే పెట్టి చూడగా, అడిగితే ఫరవాలేదన్న సైనికులు ఇచ్చినదాంట్లో 60 శాతం మాత్రమే తిన్నట్లు తేలింది. 1990-91 గల్ఫ్ యుద్ధంలో వారాల తరబడి దాని మీదే ఆధారపడవలసి రావడంతో ఫిర్యాదులు హోరెత్తాయి. అప్పటికి 12గా ఉన్న భోజన రకాలు తర్వాతి దశాబ్దంలో 24కు పెరిగాయి.

ఆ సంవత్సరాల్లోనే ప్రతి పొట్లంలోనూ మంట లేని హీటరు చేరింది. ఇది మెగ్నీషియం, ఇనుము పొడులు, ఉప్పు కలిసిన పలుచని బిళ్ల ఉన్న ఒక పొడవాటి ప్లాస్టిక్కు సంచి. దానిలో కూర సంచిని దోపి, గీత దాకా కొద్దిగా నీళ్లు పోసి, నోరు మడిచి, అట్టపెట్టెలో దూర్చి కాస్త వాలుగా ఆనిస్తే, రసాయన చర్య వల్ల పది పన్నెండు నిమిషాల్లో కూర వేడెక్కుతుంది. దేనికి ఆనించాలో చెప్పే బొమ్మ పక్కన రాయి లేదా మరేదైనా అని అచ్చు వేయడం సైనికుల్లో పెద్ద నవ్వులాట అయింది. చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక, మూసిన గుడారంలోనో, దగ్గర్లో మంట ఉన్నప్పుడో దీన్ని వాడటం ప్రమాదకరం.

ఎం.ఆర్.ఇ. మామూలు ప్రజలకు బాగా పరిచయమైంది తుపానుల వల్ల. 2005లో కత్రీనా తుపాను బాధితులకు ప్రభుత్వం పెద్ద ఎత్తున పంచిన పొట్లాల్లో కొన్ని ఇంటర్నెట్ వేలాల్లో కనిపించడంతో విచారణ జరిగింది. ఇవి ప్రభుత్వ ఆస్తి, తిరిగి అమ్మడం చట్టవిరుద్ధం అని పెట్టెల మీద అచ్చు వేస్తున్నా అమ్మకాలు ఆగలేదు. సైన్యానికి సరఫరా చేసే కంపెనీలే పౌరుల కోసం వేరే ముద్రతో ఇలాంటి పొట్లాలు అమ్ముతుండగా మిగులు సరుకును కొనే అవసరం తక్కువే. కొన్నా మొదట చూడవలసింది తేదీ. పొట్లం మీది నాలుగంకెల్లో మొదటిది సంవత్సరపు చివరి అంకె, మిగిలిన మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజన్న లెక్క. 8045 అంటే 2018 ఫిబ్రవరి 14 కావచ్చు, 2008 కూడా కావచ్చు. తేదీ కంటే వేడి ముఖ్యం: 27 డిగ్రీల దగ్గర మూడేళ్లు నిలిచే పొట్లం 38 డిగ్రీల దగ్గర ఆరు నెలలే నిలుస్తుంది. అందుకే పెట్టె మీద ఒక వలయమూ దాని నడుమ ఒక బిందువూ ఉన్న చిన్న బిళ్ల అతికిస్తారు. వేడి సోకే కొద్దీ నల్లబడే ఆ బిందువు వలయం కంటే ముదురైతే ఆహారాన్ని వాడరాదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వేసవంతా పడి ఉన్న పొట్లం ఎంత కొత్తదైనా నమ్మదగినది కాదు.

పొట్లానికి సుమారు 1,250 కేలరీల చొప్పున మూడింటిని ఒక రోజు ఆహారంగా నిర్ణయించారంటే, బరువు మోస్తూ పోరాడే యువకుడిని దృష్టిలో పెట్టుకున్నారన్నమాట. రెండు రోజులు నడిచే విహారికి రోజుకు రెండు పొట్లాలు, పైన పళ్లు ఉంటే చాలు. ఒక్కోటి అరకిలో నుంచి ముప్పావు కిలో దాకా తూగుతుంది కాబట్టి, సైనికులు చేసినట్టే ముందే విప్పి అక్కరలేని అట్టలు, పొడులు తీసేయడం మంచిది. ఇక 2000ల దశకంలో వచ్చిన ఫస్ట్ స్ట్రయిక్ రేషన్ మొదటి 72 గంటల పోరాటం కోసమే, నడుస్తూ చేత్తో పట్టుకు తినేలా తయారైంది. ఒక రోజుకు సుమారు 2,900 కేలరీలు ఇచ్చే ఆ పొట్లం మూడు ఎం.ఆర్.ఇ.ల బరువులో దాదాపు సగమే. శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరేవారి లెక్కకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదే. గంజి కాచుకుని కూర్చుని తినాలనుకునేవారికి మాత్రం ఇది పనికిరాదు.

ఏం తినవచ్చు, ఏం తినకూడదు అన్న లెక్క భారతీయుల విషయంలో వీటన్నిటికంటే ముందుంటుంది. 1916లో మెసపొటేమియాలోని కూట్ ముట్టడిలో ఆకలి ముదిరినా భారతీయ సైనికులు చాలామంది గుర్రపు మాంసం ముట్టడానికి చాలాకాలం నిరాకరించారు. ఎం.ఆర్.ఇ. 24 రకాల్లో శాకాహారానివి నాలుగే కనుక, అమెరికాలో గుడారపు యాత్రలకు వెళ్లే తెలుగు కుటుంబాలు కలగలుపు పెట్టె కొంటే అందులో గొడ్డు మాంసం, పంది మాంసం వంటకాలు వస్తాయి. శాకాహార రకాలను విడిగా ఏరుకోవలసిందే. మన సైన్యానికి ఆ చిక్కు తీర్చింది 1961లో మైసూరులో ఏర్పడిన రక్షణ ఆహార పరిశోధనశాల. రోజుల తరబడి మెత్తగా ఉండే చపాతీలు, ఉప్మా మిశ్రమాలు, రిటార్టు సంచుల్లో పులావు, కూరలు, హల్వా అక్కడ రూపుదిద్దుకున్నాయి. ఆ పద్ధతి ప్రైవేటు కంపెనీలకు అందిన తర్వాత అవే సంచులు కిరాణా కొట్లలో రాజ్మా, పాలక్ పనీరుగా దొరుకుతున్నాయి. అరకు కొండలకో తలకోన అడవికో వెళ్లేవారికి మిగులు దుకాణాల వెంట తిరిగే పని లేదు. మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే ఆ సంచి వేడెక్కుతుంది, అదీ కుదరకపోతే చల్లగానే తినవచ్చు, ఖాళీ సంచిని మాత్రం తిరిగి తెచ్చుకోవాలి, ఎందుకంటే అల్యూమినియం పొర అడవిలో కుళ్లదు, నిప్పులో వేసినా పూర్తిగా కాలదు.