లండను పోలీసు ఖడ్గములు

1829వ సంవత్సరమున సర్ రాబర్టు పీలు లండను మహానగరమునకు నూతన పోలీసు దళము నేర్పఱచినప్పుడు, వీధులలో సైన్యమును నిలిపినారను అపవాదు పుట్టకుండుటకై, సైనికుల యెఱ్ఱదుస్తులకు మాఱుగా నీలి దుస్తులును, కోటు మాటున దాగియుండు కొయ్యలాఠీయును భటులకు ఒసగిరి. అయినను ఖడ్గము వారికి బొత్తిగా దూరము కాలేదు. అల్లరులు చెలరేగు వేళలకును, అపాయకరమైన రాత్రి గస్తీలకును అక్కఱకు వచ్చునట్లు పొట్టి కత్తులను ఠాణాలలో భద్రపఱచుచుండిరి. అంతకు పూర్వమే, 1805లో ఏర్పడిన బో వీధి అశ్వదళమువారు నగరము చేరు రాజమార్గములలో దారిదోపిడిగాండ్ర నెదుర్కొనుటకు ఖడ్గమును పిస్తోలును ధరించి తిరిగినవారే.

హోల్బర్నునందలి పార్కర్ ఫీల్డు సంస్థవారు లాఠీలతోపాటు ఇట్టి ఖడ్గములను గూడ సమకూర్చిరి. రెండడుగులకు అటునిటుగా నుండి స్వల్పముగా వంగిన అలుగు, ఇత్తడి పిడి, ఇత్తడి తొడుగులు గల నల్లని తోలు ఒర వాని సామాన్య లక్షణములు. కొన్నింటి పిడికడ మీట యొకటి కలదు. దానిని నొక్కినగాని కత్తి ఒరనుండి వెలువడదు. జనసమ్మర్దమున దుండగుడెవడైనను భటుని కత్తిని లాగికొనకుండుటకు పన్నిన యుపాయమిది.

ఇట్టివానిని సేకరించు రసజ్ఞుడు పదునుకన్న ముందు అలుగుపై చెక్కిన తయారీదారుని నామమును, దళచిహ్నమును, సంఖ్యను పరిశీలించును. కాలక్రమమున తోలు ఎండి కుంచించి చినుగును గనుక, తన తొలి ఒరతోనే నిలిచిన కత్తికి విలువ మెండు. మెఱుగు పెట్టవలెనను ఉత్సాహముతో అలుగును రుద్దినచో చరిత్ర చెప్పు అక్షరములే అరిగిపోవును గావున, అట్టి శుభ్రతకన్న పాతమరకయే మేలని యెఱిగినవారి మతము.