శ్రుతిని కంటితో దిద్దే కాలం

'శ్రు' ధాతువుకు వినుట అని అర్థం. శ్రుతి అనే మాట అందులోంచే వచ్చింది. వేదానికీ అదే పేరు, తంబూరా నాదానికీ అదే పేరు. రెండూ చెవి సొత్తు. ఏళ్ళ తరబడి పిల్లలకు ఈ వ్యుత్పత్తి చెప్పిన నాకు, శ్రుతిని కంటితో దిద్దే కాలం వచ్చిందని మొన్న కొండాపూర్‌లో ఒక పూర్వవిద్యార్థి ఇంట్లో తెలిసింది.

అతడు పుట్టంధుడు. పగలు హైటెక్ సిటీలో ఉద్యోగం. రాత్రిళ్ళు ఇంట్లో పాటలు రికార్డు చేస్తాడు, ఇతరులు పాడినవి సరిచేసి ఇస్తాడు. ఆ రోజు ఒక చరణం వినిపించి, "మాస్టారూ, ఇక్కడ గాంధారం పిసరంత దిగింది, గమనించారా?" అన్నాడు. నాకు తెలియలేదు. అతడికి తెలిసింది. కానీ దాన్ని దిద్దే సాఫ్ట్‌వేర్ తెరిస్తే స్క్రీన్ రీడర్ మూగబోయింది. "తప్పు నాకు తెలుసు, అదెక్కడుందో వీడు చెప్పడు" అని నవ్వాడు. ఒక స్టూడియో వారు పని ఇస్తామని పిలిచి, ఆ సాఫ్ట్‌వేర్ వాడలేడని తెలిశాక వద్దన్నారట.

నాకు విజయనగరం గుర్తుకు వచ్చింది. ఆస్థానోద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబ్రహ్మం అంధుడు. ఆ బాలుడి సంగీతాభ్యాసం నిమిత్తమే పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1919లో సంగీత కళాశాల నెలకొల్పారని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. అక్కడే 26 ఏళ్ళ వయసులో వయొలిన్ ఆచార్యులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారికీ చూపు బాగా మందం. 1936లో కళాశాల ఆయన చేతికే వచ్చింది. వయొలిన్‌కు వీణకున్నట్టు మెట్లుండవు కదా! స్వరస్థానం ఎక్కడో వేలు చెవినడిగి తెలుసుకోవలసిందే. ఆ విద్యకు చూపు అర్హత కాలేదు.

మరి అర్హత ఎప్పుడైంది? చమురు నిక్షేపాల కోసం భూగర్భంలోకి పంపిన ధ్వనితరంగాలను విశ్లేషించిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే అమెరికన్, ఆ గణితాన్నే గొంతు మీదికి మళ్ళించి 1997లో ఆటో-ట్యూన్ తెచ్చాడు. 2001లో జర్మనీ నుంచి మెలోడైన్ వచ్చింది. అందులో పాట తెర మీద బొట్లు బొట్లుగా పరచుకుంటుంది. పైకి జరిపితే స్వరం పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. చూపున్నవారికి ఎంత హాయి! స్క్రీన్ రీడరు మాత్రం పేరున్న బటన్లను, అక్షరాలను చదువుతుంది. ప్రోగ్రాము గీసుకున్న బొమ్మకు పేరు లేకపోతే అక్కడ ఏమీ లేనట్టే.

మన యూనికోడ్ మిత్రులకు ఇది వేరే చెప్పాలా? పాత ఫాంట్లలోని తెలుగునూ, బొమ్మగా అతికించిన పద్యాన్నీ స్క్రీన్ రీడరు నేరుగా చదవలేదు. యూనికోడ్‌లో రాశాం గనుకే మన రాతలు ఆ కుర్రవాడి చెవిన పడుతున్నాయి.

అతడు వాడే స్క్రీన్ రీడరు ఎన్‌వీడీఏ. ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ దీన్ని ఆరంభించగా జేమ్స్ టే జతకలిశాడు. ఇద్దరూ అంధులే, చిన్ననాడు కలుసుకున్నది అంధబాలల సంగీత శిబిరంలోనట! రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌ను అంధులకు వినిపించే ఒసారా అనే పనిముట్టుకు శ్రీకారం చుట్టింది కూడా ఆ టేనే. దాని సాయంతో మా శిష్యుడు గాంధారం ఉన్న ముక్కను అటూ ఇటూ కోసి, సెంట్ల లెక్కన పెంచుతాడు. (అష్టకానికి 1200 సెంట్లు.) నిలకడగా పలికిన స్వరమైతే సరే. గమకాన్ని కోస్తే? జారుడు మధ్యలో తెగి, అతుకు వినబడుతుంది. ఎదురుగా బొట్లు కనబడేవాడు క్షణాల్లో చేసే పనికి ఇతడికి ఒక సాయంత్రం పట్టింది.

ఇంతా చేసి ఆ కంటికైనా శ్రుతి తెలుసునా అంటే, అదీ అనుమానమే. తంబూరాలో తనంత తాను పలికే అంతర గాంధారం షడ్జమానికి 386 సెంట్ల ఎత్తున ఉంటుంది. పియానో మెట్టు 400 దగ్గర. తెర మీది గీతకు ఆనించి దిద్దితే తంబూరాతో 14 సెంట్ల తగవు. గీత చూసి తృప్తిపడేవాడికి ఈ తగవు వినబడకపోవచ్చు.

"బొమ్మ నాకొద్దు మాస్టారూ," అన్నాడు. "ఏ స్వరం, ఎన్ని సెంట్లు, ఎంతసేపు అన్నది వరుసగా చదివి, బాణం మీటలతో జరపనిస్తే చాలు." సాఫ్ట్‌వేర్ లోపల ఈ లెక్కలన్నీ ఉన్నవే, వాటితోనే గదా ఆ బొట్లు గీసేది! మీలో చాలామంది ప్రోగ్రాములు రాసేవారు. ఇది అంత కష్టమా? తెలిసినవారు వ్యాఖ్యల్లో చెప్పండి, అతడికి చేరవేస్తాను. అసలు ఈ టపా కూడా వింటాడు. గాంధారం లెక్క నేను తప్పితే ముందు పట్టుకునేది అతడే.