ఘాజీ జలాంతర్గామి: సేవా చరిత్ర, కథనాలు

విశాఖపట్నం రేవుకు సమీపంలో, సముద్రగర్భాన, 1971 డిసెంబరు నుంచి ఒక జలాంతర్గామి శిథిలం ఉంది. అది పాకిస్తాన్ నౌకాదళానికి చెందిన ఘాజీ. దాని ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ ప్రధానంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: దానిని ముంచినది ఎవరు? అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: అది విశాఖకు ఎందుకు వచ్చింది? మొదటి ప్రశ్నకు లభిస్తున్న సమాధానాలు పరస్పర విరుద్ధాలు. రెండవదానికి ఘాజీ సేవా చరిత్రలోనే సమాధానం ఉంది. ఈ రెండు ప్రశ్నలనూ వేరుచేసి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఘాజీ అమెరికాలో తయారైన నౌక. పోర్ట్స్‌మత్ నౌకా నిర్మాణ కేంద్రంలో 1944 డిసెంబరు 1న జలప్రవేశం చేసి, 1945 మార్చి 31న ‘డయాబ్లో’ పేరుతో అమెరికా నౌకాదళంలో చేరింది. టెంచ్ తరగతికి చెందిన దీని పొడవు సుమారు 95 మీటర్లు. టార్పెడో గొట్టాలు పది. 1945 ఆగస్టులో పెరల్ హార్బర్ నుంచి తొలి యుద్ధయాత్రకు బయలుదేరిన కొద్ది రోజులకే జపాన్ లొంగిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధం కోసం నిర్మితమైన నౌక ఆ యుద్ధంలో పోరాడనేలేదు.

1964లో అమెరికా దానిని పాకిస్తాన్‌కు అద్దె ఒప్పందంపై అప్పగించింది. అప్పటికి భారత నౌకాదళం వద్ద ఒక్క జలాంతర్గామి కూడా లేదు. 1965 యుద్ధంలో ఘాజీ బొంబాయి తీరంలో మాటువేసింది. ‘బ్రహ్మపుత్ర’ యుద్ధనౌకపై దాడి ఫలించిందని పాకిస్తాన్ ప్రకటించినా, ఆ నౌక చెక్కుచెదరలేదు. ఘాజీ విషయంలో ప్రకటన ఒకటి, వాస్తవం మరొకటి కావడం అప్పుడే మొదలైంది. తరువాత టర్కీలో జరిగిన మరమ్మతులతో సముద్రంలో మందుపాతరలు అమర్చే సామర్థ్యం దానికి సమకూరింది.

1971లో విమానవాహక నౌక ‘విక్రాంత్’ తూర్పు నౌకాదళంలో ఉంది. పాకిస్తాన్ వద్ద అప్పటికి మూడు కొత్త డాఫ్నే తరగతి జలాంతర్గాములు ఉన్నా, బంగాళాఖాతం వరకు వచ్చి పనిచేయగల దూరశక్తి పాతదైన ఘాజీకే ఉంది. కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో అది నవంబరు 14న కరాచీ విడిచింది. విక్రాంత్ వేట, విశాఖ తీరంలో మందుపాతరలు అమర్చడం దాని లక్ష్యాలు.

తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ దీవులకు తరలించారు. విక్రాంత్ విశాఖ ప్రాంతంలోనే ఉన్నట్లు భ్రమ కల్పించడానికి పాత డిస్ట్రాయర్ నౌక ‘రాజ్‌పుత్’ నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపించామనీ, పెద్ద నౌకాసమూహానికి సరిపడే ఆహార సరఫరాలకు ఆర్డర్లు ఇప్పించామనీ ఆయన స్వీయచరిత్రలో రాశారు. చేసినవారే చెప్పిన కథనం కనుక దీనిని జాగ్రత్తగా స్వీకరించాలి. అయితే విక్రాంత్ విశాఖలో లేదన్నది, ఘాజీ విశాఖ రేవు ముందు మునిగిందన్నది ఆ కథనంపై ఆధారపడని వాస్తవాలు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి తీరంలో పెద్ద పేలుడు వినిపించింది. రేవు నుంచి బయలుదేరిన రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల ఘాజీ మునిగిందని భారత నౌకాదళ కథనం. తాను అమర్చిన మందుపాతరకే అది బలైందని పాకిస్తాన్ వాదన. లోపలి పేలుడే కారణమన్నది మూడవ అభిప్రాయం. ముందుభాగం ఛిద్రమైన శిథిలాన్ని ఎవరికి అనుకూలంగా వారు అన్వయించుకున్నారు. 2017లో సంకల్ప్‌రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘ఘాజీ’ చలనచిత్రం ఆ స్థానంలో ఒక భారతీయ జలాంతర్గామిని నిలిపింది. పై మూడు కథనాలలో దేనిలోనూ ఆ పాత్ర లేదు. కల్పనకు ఆ స్వేచ్ఛ ఉంది. కాని ప్రజల జ్ఞాపకంలో కల్పన చరిత్ర స్థానాన్ని ఆక్రమించినప్పుడు ఆ తేడాను చూపవలసిన బాధ్యత పరిశోధకులది.

పేలుడుకు కారణం ఏదైనా, ఘాజీ మునగకముందే విక్రాంత్ సురక్షిత స్థానానికి చేరింది. కనుక ఆ రక్షణకు దక్కవలసిన గుర్తింపు ముంచినది ఎవరన్న వివాదంపై ఆధారపడదు. ఈ సంగతి గుర్తిస్తే, రుజువుకు మించిన విజయాన్ని చాటుకోవలసిన అవసరం ఉండదు. శిథిలంతోపాటు మునిగిపోయిన తొంభైమందికి పైగా నావికుల మరణాన్ని మరణంగానే నమోదు చేయడం కూడా సాధ్యమవుతుంది.