పారదర్శక అలైనర్లు – పిల్లల దంతచికిత్స: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వంకర దంతాలను సరిచేసే పారదర్శక అలైనర్లు కొత్త సాధనాలుగా కనిపించినా, వాటి మూలభావన 1945 నాటిది. ఆ భావన ఆరేళ్ల పిల్లల చికిత్సగా రూపొందడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. ఈ జాప్యానికి గల కారణాలను, అది లేవనెత్తే ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

తీగ నుండి తొడుగు వరకు

ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728 నాటి తన గ్రంథంలో, దంతాలను లోహపు పట్టీకి దారంతో కట్టి సవరించే పద్ధతిని వివరించాడు. 1928లో అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ ప్రవేశపెట్టిన ఎడ్జ్‌వైజ్ సాధనం నేటి బ్రేసులకు పునాది అయింది. దంతాలకు అతికించి ఉండే ఈ సాధనాన్ని రోగి తనంతట తాను తీయలేడు.

1945లో హెరాల్డ్ కెస్లింగ్ మరో మార్గం చూపాడు. ప్లాస్టర్ నమూనాలోని దంతాలను విడదీసి, మైనంలో సరైన వరుసలో అమర్చి, దాని ఆధారంగా రబ్బరు తొడుగు తయారుచేశాడు. బ్రేసులు తీసిన తరువాత మిగిలే స్వల్పదోషాలకు అది ఉద్దేశించినది. అటువంటి తొడుగులను వరుసగా మారిస్తే పెద్ద కదలికలు కూడా సాధ్యమని ఆయన ఊహించాడు. అయితే ప్రతి దశలోనూ నమూనాను చేతితో తిరిగి అమర్చడం అపారశ్రమతో కూడిన పని.

ఆ శ్రమను కంప్యూటరుకు అప్పగించినవారు జియా చిష్తీ, కెల్సీ విర్త్. వారు 1997లో కాలిఫోర్నియాలో స్థాపించిన అలైన్ టెక్నాలజీ సంస్థ రూపొందించిన ఇన్విజలైన్‌కు 1998లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.

పిల్లల విషయంలో జాప్యం

తొలినాళ్లలో ఈ చికిత్స శాశ్వత దంతాలు వచ్చినవారికే పరిమితమైంది. పెద్దల దవడ ఎదుగుదల ముగిసినది కనుక దంతాల కదలికను ముందుగా అంచనా వేయవచ్చు. పిల్లల్లో పాలపళ్లు ఊడుతుంటాయి, కొత్తవి సగం మొలిచి ఉంటాయి, దవడ పెరుగుతూ ఉంటుంది. నేడు తీసిన కొలత కొన్ని నెలలకే మారిపోతుంది.

2008లో కౌమారదశ వారికోసం వచ్చిన రకంలో మొలిచే దంతాలకు చోటు కల్పించారు. ధరించినకొద్దీ రంగు వెలిసే నీలిచుక్కను కూడా చేర్చారు. తీయడానికి వీలులేని బ్రేసులకు అవసరం లేని నిఘా ఇక్కడ తప్పలేదు. 2018లో సుమారు 6–10 ఏళ్ల పిల్లలకు ఇన్విజలైన్ ఫస్ట్ వచ్చింది.

చర్చ

తీసి పళ్లు తోముకోగలగడం, తీగ గుచ్చుకోకపోవడం అలైనర్ల సౌలభ్యాలు. కాని సాధారణంగా రోజుకు 20–22 గంటలు ధరించాలి. పాఠశాలలో భోజన సమయంలో తీసిన తొడుగును తిరిగి పెట్టుకోవలసిన బాధ్యత పిల్లలదే.

అంతకుముందు తేల్చవలసిన విషయం చికిత్స అవసరం. ఎత్తుపళ్లకు చిన్నవయసులోనే చేసే చికిత్సపై 2013 నాటి కాక్రేన్ సమీక్ష, దానివల్ల ముందుపళ్లకు దెబ్బలు తగలడం తగ్గుతుందనీ, కౌమారంలో చేసే చికిత్సకంటే ఇతర ప్రయోజనాలు కనబడలేదనీ తేల్చింది. పై ముందుపళ్ల మధ్య సందు చాలామంది పిల్లల్లో కోరపళ్లు మొలిచేసరికి తానే పూడుతుంది. ఎదురుకాటు వంటి కొన్ని లోపాలకు మాత్రం సకాలంలో చికిత్స అవసరం.

ముగింపు

కెస్లింగ్ ఊహకు ఎదురైన సాంకేతిక అవరోధాన్ని కంప్యూటరు తొలగించింది. అయితే చికిత్సను కొనసాగించే భారం వైద్యుని తీగ నుండి పిల్లల చేతికి మారింది. కనుక అలైనరు పంటిని కదపగలదా అన్నదానికంటే, ఈ బిడ్డకు ఈ వయసులో ఆ చికిత్స కావాలా, కావాలంటే ఆ భారాన్ని బిడ్డతో పాటు మోసేదెవరు అన్నవే ముందుగా అడగవలసిన ప్రశ్నలు.