బాకా ఊదక ముందు

గుర్రాల సినిమా అంటే మన పిల్లలకు ఇష్టం. నీలం కోట్లవాళ్లు దుమ్ము లేపుకుంటూ వరసగా వస్తారు. ఒకడు బాకా ఊదుతాడు. కొండ అంచున అడవి మనుషులు కనబడతారు. ఎవరి పక్షాన ఉండాలో అప్పటికే మనకు తెలిసిపోతుంది. హాస్టల్లో సవర, జాతాపు పిల్లల మధ్య కూర్చుని అలాంటి సినిమా చూశాను. బాకా మోగగానే చప్పట్లు కొట్టింది మనవాళ్లే. తప్పు పట్టలేదు, ఆ వయసులో నేనూ కొట్టాను.

ఆ కోవలో పేరున్నది 1948లో జాన్ ఫోర్డ్ తీసిన 'ఫోర్ట్ అపాచీ'. మిగతావాటికంటే ఇది కొంత నిజాయితీ గలది. బాకా ఊదక ముందు ఏం జరిగిందో ఇందులో చెబుతారు. అపాచీల బాగోగులు చూడమని ప్రభుత్వం పెట్టిన ఏజెంటు మీచమ్ వాళ్లకు చెడ్డ సారా అమ్మి సొమ్ము చేసుకుంటాడు. బైబిళ్లని రాసి ఉన్న పెట్టెల్లో సీసాలు దొరుకుతాయి. వాడి బాధ పడలేకనే నాయకుడు కొచీస్ తన జనంతో మెక్సికోకి వెళ్లిపోతాడు. కెప్టెన్ యార్క్ వెళ్లి మాట ఇచ్చి వెనక్కి రప్పిస్తాడు. పై అధికారి థర్స్‌డే ఆ మాట తప్పుతాడు. మీచమ్ దొంగ అని అతనికీ తెలుసు, అయినా సర్కారు మనిషి కనుక కాపాడతాడు. చివరకు తన దళాన్ని ఇరుకు లోయలోకి నడిపించి, తానూ చచ్చి, వాళ్లనీ చంపిస్తాడు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర కస్టర్ దళానికి పట్టిన గతి ఇందులో కనబడుతుంది.

ఇంత చెప్పిన సినిమా ఆఖర్న తడబడుతుంది. పత్రికలవాళ్లు థర్స్‌డేని వీరుడని పొగుడుతుంటే, నిజం తెలిసిన యార్క్ అవునంటాడు. మళ్లీ దళం కదులుతుంది. చచ్చినవాడి పేరు నిలిచింది. కొచీస్‌కి జరిగిన అన్యాయం ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

ఇంకో సంగతి. ఈ సినిమాలో కొచీస్ మాట్లాడేది స్పానిష్! ఒక సార్జంటు దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తాడు. కొచీస్ వేషం వేసింది మెక్సికో నటుడు. చిత్రీకరణ జరిగిన మాన్యుమెంట్ లోయ నవాహోల నేల. అపాచీ గుంపుల్లో కనబడేది ఆ నవాహోలే. 1864లో సైన్యం వాళ్ల తాతముత్తాతలను ఊళ్ల నుంచి వెళ్లగొట్టి వందల మైళ్లు నడిపించింది. 1868 ఒప్పందంతో గాని తిరిగి రాలేదు. వాళ్ల మనవలు కెమెరా ముందు అదే సైన్యంతో పోరాడినట్టు నటించి కూలి తీసుకున్నారు. కూలి అవసరం ఎవరికి లేదు గనక.

అక్కడ నవాహోలు నడిచిన ఆ 1864లోనే ఇక్కడ మన సవర కొండల్లోని పొట్టసింగిలో గొడవ జరిగింది. పాతపట్నం నుంచి పర్లాకిమిడి కూతవేటు దూరం, రాష్ట్రమే వేరు. ఆ వెనకున్న కొండలవాళ్లకూ మనకూ రాకపోకలు, పెళ్లి సంబంధాలు ఈనాటివి కావు. థర్స్టన్ 1909లో అచ్చువేసిన కులాలు, తెగల పుస్తకంలో ఈ సంగతి కొద్ది వాక్యాల్లో ఉంది. పోలీసులు ఒక సవర పెద్దను అన్యాయంగా పట్టుకున్నారు. సవరలు వచ్చి విడిపించుకుపోయారు. ఆ గొడవలో ఇన్‌స్పెక్టరు, నలుగురు కానిస్టేబుళ్లు చనిపోయారు. తరవాత అయిదుగురు సవరలను ఉరితీశారు, తొమ్మిదిమందిని జన్మాంతం ప్రవాసం పంపారు.

పట్టుకున్నది అక్రమమని దొరల పుస్తకమే ఒప్పుకుంది. అయితే ఆ ఒప్పుకోలుకు ఒక్క మాట చాలింది. ఆ పెద్దను ఏ నేరం మోపి పట్టుకున్నారు, ఆ ముందు ఏడాది ఊళ్లో ఏం జరిగింది అనేవి ఆ వాక్యాల్లో లేవు. సినిమాలో మీచమ్‌కి పేరుంది, ముఖముంది. పొట్టసింగి పెద్దకు పేరు లేదు. ఉరికంబం ఎక్కిన అయిదుగురికీ లేదు. అల్లూరి వెంట నడిచిన గాం గంటం దొర, మల్లు దొరల పేర్లు మన పిల్లలకు తెలుసంటే, ఎవరో రాసిపెట్టబట్టే. పొట్టసింగి సంగతి సవర నోట వచ్చినట్టు రాయడానికి అప్పటికి సవరకు లిపి లేదు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులు సవర వ్యాకరణం అచ్చువేయించింది 1931లో. మంగయి గమాంగో సవర లిపి తయారుచేసింది 1936లో. ఉరితీతలకు అప్పటికి డెబ్బై ఏళ్లు.

మాస్టార్లకు ఒక మాట. ఇలాంటి సినిమా చూపిస్తే, బాకా మోగిన చోట ఆపి, అంతకు ముందు ఏం జరిగిందో పిల్లలచేత చెప్పించండి. మా హాస్టల్లో ఆపి, పొట్టసింగి కథ చెప్పాను. వెనక వరసలో ఒక సవర కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగాడు: "కొచీస్ మాట సార్జంటు చెప్పాడు కదండీ. మన పెద్ద మాట ఎవరు చెప్పారు, మాస్టారూ?"